ఫిలడెల్ఫియాలో చదివిన అమెరికా

అమెరికా పౌరసత్వం కోరేవాళ్ళకి ఆ దేశం చరిత్రలోనూ పాలనలోనూ నోటి పరీక్ష పెడుతుంది. చాలా ఏళ్ళు వంద ప్రశ్నల పట్టీ ఉండేది. పది అడిగితే ఆరు చెప్పాలి. 2025 అక్టోబరులో దాన్ని 128 చేశారు, ఇరవై అడిగితే పన్నెండు చెప్పాలి. న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్ళింట్లో ఉన్నప్పుడు అల్లుడు ఆ పాత పట్టీ వల్లె వేస్తూ, కాగితం నా చేతికిచ్చి అడగమనేవాడు. స్వాతంత్ర్య ప్రకటన రాసిందెవరు? థామస్ జెఫర్సన్. ఎప్పుడు ఆమోదించారు? 1776 జులై 4. అంతర్యుద్ధానికి ఒక కారణం? బానిసత్వం. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఒక్క ముక్కలో జవాబు చెప్పి ముందుకెళ్ళిపోతుంటే ఊరుకోలేకపోయేవాణ్ణి. "అయితే శనివారం ఫిలడెల్ఫియా వెళ్దాం మామయ్యగారూ, మీ చరిత్రంతా అక్కడే ఉంది" అన్నాడు. ఎడిసన్ నుంచి కారులో గంటన్నర లోపే.

పాత ఊరు డెలావేర్ నది పక్కన ఉంటుంది. ఎర్ర ఇటుక ఇళ్ళు, ఇరుకు వీధులు, గీత గీసినట్టు నాలుగు పలకల వరసలు. క్వేకర్ మతస్థుడు విలియం పెన్ 1682లో వేయించిన ఊరిది. అంతకు ముందు ఆ నేల అక్కడి ఆదివాసులైన లెనాపేలది. పెన్ వాళ్ళతో మర్యాదగా మసలుకున్నాడని పేరుంది, కొడుకులకు ఆ పేరు దక్కలేదు. మనిషి ఒకటిన్నర రోజులో నడిచినంత మేర నేల తమదని ఒక పాత కాగితం చూపించి, 1737లో దారి ముందే చదును చేయించి, గట్టి పరుగుగాళ్ళను దింపారు. అందులో ఒకడు వంద కిలోమీటర్లు దాటి పోయాడు. లెనాపేల నేల అలా పోయింది. యూరోపియన్లు రాకముందు ఇక్కడెవరు ఉండేవారని పరీక్షలో ఒక ప్రశ్న ఉంది. అమెరికన్ ఇండియన్లు అంటే మార్కు పడుతుంది. వాళ్ళేమయ్యారని ఎవరూ అడగరు.

ఇండిపెండెన్స్ హాల్ బయటనుంచి గంభీరంగా కనిపిస్తుంది కానీ, స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించిన సభ జరిగిన గది మన పల్లెటూరి హైస్కూల్లో పెద్ద తరగతి గదంత ఉంటుందేమో. బల్లల మీద ఆకుపచ్చ బట్ట, ఈక కలాలు, ఎదురుగా కాస్త ఎత్తున అధ్యక్షుడి కుర్చీ. ఆ కుర్చీ మాత్రం 1787లో జార్జి వాషింగ్టన్ కూర్చున్నదే. వెడల్పు అంచు టోపీ పెట్టుకున్న రేంజరు పావుగంటలో కథంతా చెప్పేశాడు, బాగా చెప్పాడు.

తారీఖుల సంగతి ఇక్కడే చెప్పాలి. బ్రిటన్‌తో తెగతెంపులు చేసుకోవాలని కాలనీల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ ఓటు వేసింది జులై 2న. ఆ రోజునే తరతరాలు పండగ చేసుకుంటారని సభ్యుల్లో ఒకడైన జాన్ ఆడమ్స్ భార్యకు ఉత్తరం కూడా రాశాడు. జులై 4న ఆమోదించింది ప్రకటన పాఠాన్ని. 56 మంది సంతకాల్లో ఎక్కువ భాగం పడింది ఆగస్టు 2న. పండగ నాలుగోతేదీకే దక్కింది.

జెఫర్సన్ ఆ ప్రకటన రాసింది ఇక్కడికి దగ్గర్లోనే, ఏడో వీధి మూల మీద అద్దెకు తీసుకున్న గదుల్లో. ఆ ఇల్లు కూల్చేశాక, 1975లో మళ్ళీ కట్టారు. మనుషులంతా సమానంగా పుట్టారని ఆయన రాస్తున్నప్పుడు సేవ చేయడానికి వెంట ఉన్న కుర్రాడు రాబర్ట్ హెమింగ్స్, పద్నాలుగేళ్ళ బానిస. బానిసల వ్యాపారానికి రాజుని తిడుతూ జెఫర్సన్ ఒక పేరా రాశాడు, సభ దాన్ని కొట్టేసింది. ఆయన జీవితకాలంలో ఆయన కింద ఉన్న బానిసలు ఆరువందలకు పైమాటే. ఈ రెండూ ఒకే మనిషివి. ఒకటి చెప్పి రెండోది దాచే పుస్తకాన్ని నేను చరిత్ర అనను.

పదకొండేళ్ళ తర్వాత, 1787 వేసవిలో, అదే గదిలో రాజ్యాంగం రాశారు. బయటికి మాట పొక్కకూడదని కిటికీలు మూసి, తలుపుల దగ్గర కాపలా పెట్టారు. మే 25 నుంచి సెప్టెంబరు 17 దాకా, ఆ ఉక్కలో. హాజరైనవాళ్ళు 55 మంది, చివరికి సంతకం చేసినవాళ్ళు 39. రోడ్ ఐలాండ్ అసలు ఎవర్నీ పంపలేదు. కొన్ని రాష్ట్రాలకు ప్రతినిధుల సభలో ఎక్కువ సీట్లెందుకని పట్టీలో ఉంది. జనాభాని బట్టి అని మా అల్లుడి జవాబు. నిజమే. అప్పట్లో ఆ జనాభా ఎలా లెక్కగట్టారన్నదే కథ. ఓటు లేని, కూలీ లేని బానిసలను ఐదుగురికి ముగ్గురి చొప్పున యజమానుల రాష్ట్రం ఖాతాలో వేశారు. దక్షిణాదికి సీట్లూ, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓట్లూ పెరిగాయి. మొదటి ఐదుగురు అధ్యక్షుల్లో నలుగురు వర్జీనియా వాళ్ళు కావడం కేవలం కాకతాళీయమని నేననుకోను. బానిసల దిగుమతిని 1808 దాకా ఆపకూడదనీ, పారిపోయిన బానిసను పట్టి అప్పగించాలనీ కూడా అప్పుడే రాసుకున్నారు.

పక్కనే కాంగ్రెస్ హాల్. 1790 నుంచి 1800 దాకా ఫిలడెల్ఫియా రాజధాని. కింద ప్రతినిధుల సభ, మేడ మీద సెనేట్. 1797లో మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ దిగిపోయి ఆడమ్స్ ప్రమాణం చేసింది కింది గదిలో. కత్తి దూయకుండా అధికారం చేతులు మారడం ఆనాటి ప్రపంచానికి వింతే. పారిపోయిన బానిసలను పట్టే చట్టం 1793లో చేసిందీ ఈ భవనంలోనే. దాని మీద సంతకం వాషింగ్టన్‌ది.

ఆయన కాపురమున్న ఇల్లు ఆరో వీధి, మార్కెట్ వీధి కూడలిలో ఉండేది. 1832లో పడగొట్టారు. 2010లో అక్కడ సగం గోడలు, కిటికీ చట్రాలతో పైకప్పు లేని జ్ఞాపక స్థలం కట్టి, వాషింగ్టన్ ఇంట పనిచేసిన తొమ్మిదిమంది బానిసల పేర్లు రాతి గోడ మీద చెక్కించారు. పెన్సిల్వేనియా 1780 చట్టం ప్రకారం బయటి యజమాని తెచ్చిన బానిస ఇక్కడ ఆరు నెలలుంటే స్వేచ్ఛ కోరవచ్చు. అందుకని గడువు ముగిసేలోపే వాళ్ళను రాష్ట్రం దాటించి తిరిగి తెచ్చేవారు. దేశపిత ఇంట్లో జరిగిన ఏర్పాటది. మార్తా వాషింగ్టన్ పనిపిల్ల ఓనా జడ్జ్, తనను మార్తా మనవరాలికి పెళ్ళి కానుకగా ఇవ్వబోతున్నారని తెలిసి, 1796 మే నెలలో ఇంట్లోవాళ్ళు భోజనం చేస్తుండగా బయటపడి, ఓడెక్కి న్యూ హాంప్‌షైర్ చేరింది. పట్టిస్తే పది డాలర్లని పత్రికలో ప్రకటన వేశారు. వాషింగ్టన్ అక్కడి అధికారి ద్వారా కబురు పెట్టాడు. ఆమె రాలేదు. పేదరికంలో బతికింది, 1848లో పోయింది. అప్పటికీ చట్టం దృష్టిలో పారిపోయిన ఆస్తే. తొమ్మిది పేర్లలో నేను ఎక్కువసేపు నిలబడ్డది ఆమె పేరు దగ్గరే.

ఆ పక్క భవనంలోనే లిబర్టీ బెల్. జనమంతా దాని కోసమే వస్తారు. 940 కిలోల బరువు, లండన్‌లో పోతపోసి 1752లో తెస్తే మొదటి దెబ్బకే బీటలిచ్చింది, స్థానికులు రెండుసార్లు కరిగించి పోశారు. 1776 జులై 4న అది మోగిందన్న కథ 1847లో ఒక రచయిత అల్లింది. స్వేచ్ఛా గంట అన్న పేరు 1830ల్లో బానిసత్వ వ్యతిరేకులు పెట్టారు. కుర్రాళ్ళు సెల్ఫీలు తీసుకుంటుంటే నేను ఆ బీట చూశాను. మనకు కనిపించే వెడల్పు మరమ్మతు కోసం తొలిచింది.

లింకన్ 1861 ఫిబ్రవరిలో పదవి చేపట్టబోతూ ఇండిపెండెన్స్ హాల్ ముందు జెండా ఎగరేశాడు. నాలుగేళ్ళకు ఆయన పార్థివ దేహాన్ని ప్రకటన ఆమోదించిన గదిలోనే ఉంచారు. ఆ ఏడాదే 13వ సవరణతో బానిసత్వం పోయింది. స్త్రీలకు ఓటు దేశమంతటా 1920లో.

మనవాళ్ళ సంగతీ ఈ చరిత్రలో ఉంది. 1790లో మొదటి పౌరసత్వ చట్టం స్వేచ్ఛగల తెల్లవాళ్ళకే అంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కి 1923లో సుప్రీంకోర్టు అదే చెప్పి పౌరసత్వం కాదంది. 1946లో తలుపు సందు తెరిచారు, ఏడాదికి వందమంది భారతీయులకు. 1965 చట్టం దేశాలవారీ కోటాలు తీసేశాకే మన డాక్టర్లూ ఇంజనీర్లూ వేలల్లో వెళ్ళగలిగారు. ఆ చట్టం వెనక నల్లవాళ్ళ పౌరహక్కుల పోరాటం తెచ్చిన వాతావరణం ఉంది. అమెరికాలో స్థిరపడ్డ ప్రతి తెలుగింటివాళ్ళూ ఇది తెలుసుకుని తీరాలని నా అభిప్రాయం.

పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దలకు ఒక మాట. నయాగరాకి రెండు రోజులు పెట్టేవాళ్ళు ఈ ఊరికి ఒక రోజు పూర్తిగా పెట్టండి. ఇండిపెండెన్స్ హాల్‌కి ప్రవేశం ఉచితం, కానీ సాధారణంగా వేళ రాసిన టికెట్ ఉండాలి. ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకుంటే మనిషికి డాలరు రుసుం. లిబర్టీ బెల్‌కి టికెట్ అక్కర్లేదు, వరసలో నిలబడితే చాలు. ఆ వరసలో చేరేముందు మాత్రం పక్కనున్న వాషింగ్టన్ ఇంటి గోడల దగ్గరికి వెళ్ళండి.