రెండో చూపు

మా అన్నయ్యకు తెనాలిలో మందుల షాపు ఉంది. నాన్న పోయాక ఆ కౌంటరు వెనక కూర్చున్నాడు. డాక్టర్ల గొలుసుకట్టు రాత చదవడంలో బజారు మొత్తానికి అతనే దిక్కు. అలాంటి మనిషి రాత్రి షట్టర్ దించాక గంగానమ్మపేటలో ఒక పెద్దాయన ఇంటి తలుపు తట్టి, "సాయంత్రం ఇచ్చిన షీటు ఒకసారి చూపిస్తారా?" అని అడగడం నేను పక్కనుండి చూశాను. ఇచ్చింది సరైన షీటే. సందు మలుపు తిరిగేలోపే మళ్లీ అనుమానం. ఆయన చూపించింది సాయంత్రం ఇచ్చిందేనా, పాతదా?

ఆ భయానికి ఆధారం లేకపోలేదు. షుగరు లేని మనిషికి పొరపాటున గ్లిమెపిరైడ్ ఇస్తే రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఎవరైనా ఒకసారి సరిచూసుకుని ఇస్తారు. అన్నయ్యకు ఆ సరిచూసుకోవడం ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. ప్రతి చీటీకీ ఫోన్లో ఫొటో తీసేవాడు, బ్యాచ్ నంబర్లు పుస్తకంలో ఎక్కించేవాడు. పడుకున్నాక పొద్దుటి నుంచి వచ్చినవాళ్లందరినీ మనసులో వరసగా తెచ్చుకుని ఎవరికేం ఇచ్చాడో నెమరేసుకునేవాడు. ఎక్కడైనా ఒక ముఖం దగ్గర మసక కమ్మితే మళ్లీ మొదటి నుంచి. "ఒరేయ్, నువ్వున్నావుగా, తెల్ల షీటే కదా ఇచ్చింది?" అని నన్ను అడిగేవాడు. "తెల్లదే అన్నయ్యా" అంటే ముఖం తేటపడేది. పావుగంటకు మళ్లీ అదే ప్రశ్న. అమ్మ దిష్టి తీసింది. ఊళ్లోవాళ్లు చాదస్తం అన్నారు. మొదట చూపించిన చోట చేతికి రబ్బరు బ్యాండు వేసుకుని, ఆలోచన వచ్చినప్పుడల్లా లాగి వదలమన్నారు. మణికట్టు కమిలింది తప్ప ఆలోచన తగ్గలేదు.

నిమ్హాన్స్‌లో ఓసీడీకి, అంటే అనుమానం వదలక చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే ఈ జబ్బుకు, ప్రత్యేకంగా క్లినిక్ ఉందని తెలిసి బెంగళూరు వెళ్లాం. అక్కడ యేల్-బ్రౌన్ స్కేలు ప్రకారం ప్రశ్నలడిగి లెక్క వేశారు. 40కి 29, అంటే తీవ్రమైన దశ. సెర్ట్రలిన్ రాశారు. తన చేత్తో ఎందరికో ఇచ్చిన మాత్ర అది. డిప్రెషన్‌కు వాడే దానికంటే దీనికి మోతాదు ఎక్కువ పట్టవచ్చనీ, గుణం కనిపించడానికి 10, 12 వారాలు ఆగాలనీ చెప్పారు. మాత్రతో పాటు వారం వారం సైకాలజిస్టు దగ్గర థెరపీ కూడా కావాలన్నారు. అది విజయవాడలో కుదిరింది. ఇంట్లోవాళ్లు ఒకరు తోడు రావాలన్నారు కాబట్టి అన్నయ్యతో నేనూ రైలెక్కాను.

థెరపీ అంటే దగ్గర కూర్చోబెట్టుకుని ధైర్యం చెప్పడమని అనుకున్నాను. మొదటి రోజే అన్నయ్య, "మేడమ్, నా వల్ల ఇన్నాళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు కదా?" అని అడిగాడు. ఆమె, "తెలియదండీ. మీకూ తెలియదు, నాకూ తెలియదు. మన పని అక్కడి నుంచే మొదలవుతుంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట "ఏం కాలేదు" అంటే ఆమె సొమ్మేం పోయిందనిపించింది.

కాగితం మీద గీత గీసి చూపించాక కొంత తెలిసింది. అనుమానం రాగానే ఆందోళన పైకి లేస్తుంది. వెళ్లి చూసుకుంటే, లేదా నేను "తెల్లదే" అంటే, దిగుతుంది. ఆ చూసుకోవడమే ప్రమాదం తప్పించిందని మెదడు నమ్ముతుంది. మర్నాడు ఇంకా గట్టిగా చూడమంటుంది. అంటే ప్రేమ కొద్దీ మేం ఇచ్చే ప్రతి భరోసా జబ్బుకు మేత. చూసుకోకుండా ఆగితే ఆందోళన కొంతసేపు ఉండి దానంతటదే తగ్గుతుంది. ఒకవేళ తగ్గకపోయినా, దాన్ని మోస్తూనే పని చేసుకోగలమని మనిషి నేర్చుకుంటాడు. వదిన ఒకసారి, "ఇంత కఠినంగా ఎందుకమ్మా?" అని అడిగితే ఆమె 1966 నాటి సంగతి చెప్పారు. ఇలాంటి రోగుల మీద ఆశ వదులుకున్న కాలంలో, లండన్ మిడిల్సెక్స్ ఆసుపత్రిలో విక్టర్ మేయర్ అనే ఆయన ఇద్దరు రోగుల్ని భయపడే పనికే ఎదురుగా నిలబెట్టి, ఆ తర్వాత చేసే తంతును ఆపించాడట. నర్సులు పక్కనే ఉండి కనిపెట్టుకునేవారట. "వాళ్లు నిలబడ్డారు కాబట్టే ఈ పద్ధతి మనదాకా వచ్చింది" అన్నారు.

తర్వాత భయాల పట్టీ రాయించి, ఒక్కోదానికి 100కు ఎంత అని అంకె వేయించారు. ఫొటో తీయకుండా మందు ఇవ్వడానికి 55 వేశాడు. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ఒకే చీటీలో ఉంటే 70. పట్టీ మొదలుపెట్టేముందు ఆమె చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తే. "ఒకసారి చూడటం మీ వృత్తి. రెండోసారి చూడటం జబ్బు. వృత్తి జోలికి మనం పోం."

షాపులో మొదటిసారి చేసిన సాయంత్రం నేను కౌంటరు పక్కనే ఉన్నాను. ఒకామె చీటీ ఇచ్చింది. అన్నయ్య పేరు, మోతాదు, తేదీ ఒకసారి చదివి, షీట్లు కవర్లో వేసి ఇచ్చేశాడు. ఆమె రోడ్డు దాటేదాకా కౌంటరు అద్దాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది. "ఎంత?" అన్నాను. "85." ఆ తర్వాత నేను ఊహించిన ప్రశ్నే అడిగాడు. మేడమ్ దగ్గర వల్లెవేసిన మాటే చెప్పాను. "అన్నయ్యా, ఇది జబ్బు అడిగే ప్రశ్న. జవాబు చెప్పను. నీ పక్కనే ఉంటాను." సొంత తమ్ముడివై ఉండి ఇంత కసాయితనమా అన్నాడు. అంతకంటే బరువైన మాట అన్నయ్య నోట నేనెప్పుడూ వినలేదు. ఇంకెవరో దగ్గు మందుకు వచ్చారు, టీ వచ్చింది, కరెంటు పోయి వచ్చింది. షట్టర్ దించేవేళకు మళ్లీ అడిగితే 40 అన్నాడు, తనకే నమ్మకం లేనట్టు.

అన్నిటికంటే కష్టమైంది గొంతు రికార్డింగు. అన్నయ్య తప్పు మందు ఇచ్చినట్టు, ఆ పెద్దాయన చనిపోయినట్టు, లైసెన్సు పోయినట్టు తానే కథ రాసి, తన గొంతుతో చదివి, రోజూ వినాలి. మనసులో నెమరేసుకోవడం మాత్రం చేయకూడదు. అది మొదలైనప్పుడు వదిన పెరట్లోకి వెళ్లిపోయేది. అన్నయ్య మొదట్లో ఏడుస్తూ విన్నాడు. వారాలు గడిచాక ఒకరోజు ఇయర్‌ఫోన్లు తీసి, "ఒరేయ్, విసుగొస్తోందిరా" అన్నాడు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నానని మేడమ్ అన్నారు.

మధ్యలో వెనక్కి జారాడు కూడా. పసిపిల్లల జ్వరం చుక్కల మందు ఇచ్చిన రోజుల్లో గోడౌన్లోకి వెళ్లి రహస్యంగా తల్లులకు ఫోన్లు చేశాడు. ఆమె కోప్పడలేదు. పట్టీలో కింద ఉన్న చుక్కల మందును పైకి తెచ్చి, అదే ముందు చేయించారు.

ఈ థెరపీ అందరికీ ఇంత పనిచేయదు. కొందరు మధ్యలో మానేస్తారు. నన్ను బాధపెట్టేది మాత్రం అసలు మొదలుపెట్టే అవకాశమే లేనివాళ్ల సంగతి. తెలుగులో ఈ పద్ధతి తెలిసి చేసేవాళ్లు చిన్న ఊళ్లలో దొరకరు. షాపు మూసుకుని, రైలు ఛార్జీలు, ఫీజు పెట్టుకుని వారం వారం తిరగగలిగేవాళ్లు ఎందరు? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు షాపు గోడకు అంటించాం. ఇద్దరు ముగ్గురు ఎవరూ చూడకుండా రాసుకుని వెళ్లడం నేను గమనించాను.

మొన్న యేల్-బ్రౌన్ స్కేలు ప్రకారం మళ్లీ లెక్క వేస్తే అన్నయ్యకు 40కి 13 వచ్చింది. అనుమానాలు ఇప్పటికీ వస్తాయి. అవి వస్తున్నా చిల్లర లెక్కపెట్టి ఇస్తాడు. పట్టీలో ఇంకా ఇన్సులిన్ మిగిలింది. మన దేశంలో అది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాల్లోనూ, 100 యూనిట్లుండే వాటిలోనూ దొరుకుతుంది. దేని సిరంజి దానికే వాడాలి, మారితే నిజంగానే ప్రమాదం. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకసారి పైకి చదివి, కొనేవాళ్లకు చూపించి ఇవ్వాలి, ఆ తర్వాత ఫోన్ చేయకూడదు అని మేడమ్ రాసిచ్చారు. వచ్చే సోమవారం మొదలుపెడతానన్నాడు.