తేనెపిట్ట గూడు

గత ఫాల్గుణ మాసమున మా కోడలు వసారాలో బూజు దులుపుచుండెను. బట్టలారవేయు తీగ చివర ఎండుటాకులు, పుల్లలు, సాలెగూళ్ళు కలిసిన చెత్తముద్ద యొకటి వ్రేలాడుచుండెను. ఆమె చీపురెత్తగానే, “ఆగమ్మా! అది చెత్త కాదు, తేనెపిట్ట గూడు” అని కేక వేసితిని. ఇంత చిన్న గూటికి అంత పెద్ద కేక యెందుకన్నట్లు ఆమె నా వంక చూచెను. దానికి ఇరువది యేండ్ల నాటి కారణ మొకటి కలదు. ముందుగా ఆ పిట్ట సంగతి చెప్పెదను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఊదారంగు తేనెపిట్ట రాని పెరడు అరుదు. మీరు దానిని చూచియే యుందురు. పొడవు నాలుగంగుళములు, బరువు 10 గ్రాములకు లోపు. ముక్కు సన్నగా వంగి యుండును. సంతానకాలమున మగపిట్ట దూరమునకు నల్లగా తోచును గాని, ఎండ పడినచో నీలము, ఊదా కలిసి నెమలికంఠమువలె మెరయును. ఆ కాలము గడచిన పిమ్మట ఆ సొగసు విడిచి, ఆడుపిట్టవలె గోధుమ, పసుపు వన్నెలు దాల్చును. గొంతు నుండి పొట్ట వరకు నల్లని చార యొక్కటి మాత్రము మిగులును. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయు గద్వాల నేతగాండ్రకు ఈ వేషము తప్పక నచ్చును!

అమెరికా ఖండములలోని హమ్మింగు పక్షికిని దీనికిని చుట్టరికము లేదు. అది గాలిలో నిలిచియే తేనె త్రాగును. మన పిట్టకు కొమ్మపై వ్రాలి త్రాగుటయే యిష్టము. అవసరమైనచో కొలదిసేపు గాలిలోను నిలువగలదు.

గూడు కట్టునది ఆడుపిట్టయే. సాలెపురుగు దారములతో గడ్డిని, బెరడు ముక్కలను కూర్చి సంచివలె వ్రేలాడగట్టును. పైన గొంగళిపురుగుల పెంటికలను కూడ అంటించును. చూచువారికది చెత్తగా కనబడును. లోపల మాత్రము మెత్తని దూది పరుపు. ప్రక్కన ద్వారము, ద్వారముపై చిన్న చూరు. సాధారణముగా రెండు గ్రుడ్లు పెట్టి, తల్లి రెండు వారములకు పైగా పొదుగును. పిల్లలకు తేనె చాలదు. పురుగులు, సాలీళ్ళు కావలెను. వానిని తల్లిదండ్రు లిరువురును తెచ్చి పెట్టుదురు.

ఇక నా సంగతి. 2003వ సంవత్సరమున నేనొక పల్లెలో ప్రధానోపాధ్యాయుడనుగా నుంటిని. పైయధికారి తనిఖీకి వచ్చుచున్నారని తెలిసి, బడి చుట్టునున్న గోరింట కంచెను సమముగా కత్తిరింపుమని బంట్రోతునకు చెప్పితిని. ఎనిమిదవ తరగతి బాలుడొకడు నా గదికి వచ్చి, “సార్, బావి ప్రక్క మూల కత్తిరించవద్దు సార్. అక్కడ పిట్టగూడున్నది” అనెను. పాఠము తప్పించుకొనుటకు పన్నిన ఉపాయమనుకొని వానిని గద్దించి పంపితిని. సాయంకాలమునకు కంచె గీత గీసినట్లుండెను. నరికిన కొమ్మల కుప్పలో ఆ గూడు దొరికెను. అందులోని రెండు పిల్లలును చనిపోయి యుండెను. మరునాడు తల్లిపిట్ట ముక్కున పురుగుతో వచ్చి, కొమ్మ లేని ఆ చోట గాలిలో నిలిచి, మరలిపోయి, మరల వచ్చుచుండెను. తరగతి కిటికీ నుండి ఆ బాలుడును చూచుచుండెను. నన్నతడేమియు అనలేదు. అధికారి కంచెను మెచ్చుకొనిరి.

ఉద్యోగము విరమించిన పిమ్మట ఈ పిట్టను గూర్చి చదివితిని. 1948లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు 1964 నుండి ‘ఎఱ్ఱ జాబితా’ నిర్వహించుచున్నారు. అందులో మన తేనెపిట్ట ‘అత్యల్ప ఆందోళన’ వర్గమున నున్నది. అరేబియా, ఇరాను మొదలుకొని వియత్నాము వరకు వ్యాపించిన పక్షి గనుక అట్లు నిర్ణయించుట సరియైనదే. కాని ఆ మాట చదివినప్పుడు నాకు గోరింట కంచె జ్ఞప్తికి వచ్చెను.

తుంగభద్రకు ఆవల రోళ్ళపాడున బట్టమేకపిట్టల కొరకు 1988లో అభయారణ్యము నేర్పరచిరి. ఒకప్పుడు దక్కను పచ్చికబయళ్ళలో పలుచోట్ల తిరిగిన ఆ పక్షి నేడదే జాబితాలో తీవ్ర ప్రమాదస్థితిలో నున్నది. దానికి విశాలమైన బయలు కావలెను. తేనెపిట్ట మెట్టపొదలలోను, పలుచని యడవిలోను, మన మందారచెట్టుపైనను బ్రతుకగలదు. అదే దాని అదృష్టము. అయినను దానికి పూవు, పురుగు, వ్రేలాడు కొమ్మ మూడును ఒక్కచోట కావలెను. నాగర్‌కర్నూలు వైపు నల్లమల అంచులలో మోదుగలు పూచినప్పుడు చూడుడు. తేనె త్రాగిన పిట్ట పుప్పొడి నంటించుకొని మరియొక చెట్టునకు పోవును. చెట్టునకును దానితో పని యున్నది. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో విత్తనపు పత్తి విరివిగా పండింతురు. మందు చల్లినచోట పురుగు చచ్చును; పిల్లల కూడును పోవును. మా వనపర్తి వైపు గట్లమీది ముళ్ళకంచెలు తీసి రాతి కూసములకు ఇనుపతీగ కట్టుచున్నారు. తీగకు పూవు పూయదు గదా!

మా వసారాలోని గూటినుండి ఉగాది దాటిన తరువాత రెండు పిల్లలు ఎగిరిపోయినవి. పండుగకు ఆ గోడకు సున్నము వేయలేదు. ఖాళీ గూడు ఇంకను వ్రేలాడుచునే యున్నది. మొన్న మా కోడలు పెరటి గోడకు మేకు కొట్టించి, బట్టలకు వేరొక తీగ కట్టించుకొన్నది.