పాత ఫైలు తెరుచుకోవాలి

డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా తయారుచేసి అమ్ముకునేవారికి కోడ్ రాయడం పనిలో చిన్న వాటా. ఇన్‌స్టాలర్ కట్టడం, కొన్నవాళ్లకు లైసెన్స్ కీ పంపడం, ఫోన్ ఎత్తడం, కొత్త విండోస్ వచ్చినప్పుడల్లా ప్రోగ్రామ్‌ను మళ్లీ పరీక్షించడం మిగతాదంతా. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్ అనే ప్రోగ్రామ్‌ను, జిమ్ నాఫ్ పీసీ-ఫైల్ అనే ప్రోగ్రామ్‌ను అందరికీ పంచి, నచ్చినవాళ్లు డబ్బు పంపండి అన్నారు. ఈ పనికి ఒక బతుకుదెరువు రూపం వచ్చింది అప్పుడే.

తెలుగువాళ్ల దగ్గరికొస్తే ఈ కథ అక్షరాలతో మొదలవుతుంది. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆర్‌టీఎస్ అనే పద్ధతి పెట్టారు. ఇంగ్లిష్ చిన్నబడి, పెద్దబడి అక్షరాలతోనే హ్రస్వదీర్ఘాల తేడా చూపించే ఆ ఏర్పాటు వల్ల మామూలు కీబోర్డు తెలుగుకు చాలింది. 1998లో శేషాద్రివాసు కన్నడం కోసం చేసిన బరహ అనే టైపింగ్ ప్రోగ్రామ్ తర్వాత తెలుగుకూ వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన 2000, వేమన 2000 ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. ఇవన్నీ ఒకరిద్దరి చేతి పనులే.

వీటి పక్కనే తెలుగు అచ్చుకు పెద్ద నష్టం కూడా జరిగింది. డీటీపీ కాలంలో అచ్చు పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో అను వంటి ఫాంట్లతో కొట్టిన ఫైలులో నిజానికి తెలుగు ఉండదు. ఉండేది ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే. వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగేది ఫాంటు. ఫాంటు తీసేస్తే పేజీ అంతా అర్థంలేని గుర్తులు. వెతికితే మాట దొరకదు, అకారాది క్రమంలో పెట్టడం కుదరదు. ఒక్కో కంపెనీ అమరిక ఒక్కో తీరు కావడంతో ఒకరి ఫైలు ఇంకొకరి దగ్గర తెరుచుకోదు. పుస్తకాలు, పత్రికలు, పెండ్లిపత్రికలు, జాతర కరపత్రాలు ఇట్లా తాళంపడి మిగిలాయి. ప్రతి లిపి అక్షరానికీ సొంత సంకేతమిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 గళ్లు కేటాయించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు వచ్చింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ కూడా అదే ఏడాది వచ్చి ఆగిపోయింది, దానికి యూనికోడ్ రాదు. అయినా అలవాటుపడ్డ చేతులు దాన్ని వదల్లేదు. వెన్న నాగార్జున పద్మ అనే చిన్న ప్రోగ్రామ్ రాసి ఆ పాత అమరికలను యూనికోడ్‌లోకి మార్చే దారి చూపించాడు. తెలుగు పాఠానికి ఇంతకంటే అవసరమైన సేవ ఆ రోజుల్లో మరొకటి లేదు. సొంతంగా సాఫ్ట్‌వేర్ చేసేవారు కొత్త హంగులకు ముందు చూసుకోవలసింది ఇదే: వాడేవారు ఎప్పుడు కావాలంటే అప్పుడు తమ రాతను మామూలు యూనికోడ్‌గా బయటికి తీసుకోగలగాలి.

రెండోది తాళం సంగతి. కంప్యూటర్‌కు తగిలిస్తే గానీ ప్రోగ్రామ్‌ను నడవనివ్వని డాంగిల్ పోతే, డబ్బు పెట్టి కొన్న ప్రోగ్రామ్ కూడా పనికిరాదు. తెరిచిన ప్రతిసారీ సర్వర్‌ను అడిగే ప్రోగ్రామ్‌ది ఇంకో ఇబ్బంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారిలో మన్ననూర్ దాటితే అమ్రాబాద్ పులుల అడవి. రాత్రిపూట దారి మూసేస్తారు, లోపల చాలాచోట్ల సిగ్నల్ అందదు. చెంచుల కోసం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయం ఉన్నదీ మన్ననూర్‌లోనే. అటువంటి చోట ఒక జాబితా కొట్టుకోవడానికి నెట్ కావాలనడం అన్యాయం. కీని ఒక్కసారి ఫోన్లో చెప్పినా, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా చాలు. ఆ తర్వాత ప్రోగ్రామ్ ఎవరినీ అడగకుండా నడవాలి. నెట్ లేకపోయినా నడిచినట్టే, కరెంటు పోయినా ఫైలు పాడవకూడదు. పాత ఫైలు మీదే రాయకుండా, పక్కన కొత్తది పూర్తిగా రాసి, అది సరిగ్గా పడ్డాకే దానికి పాత పేరు పెట్టాలి. అప్పుడు మధ్యలో కరెంటు పోతే పోయేది అంతకుముందు సేవ్ చేశాక కొట్టినదే.

ఫోన్లో వచ్చే మాటను అర్థం చేసుకోవడం వేరే విద్య. “సార్, తెలుగు కొడ్తుంటే పెట్టెలొస్తున్నయ్” అంటే చాలాసార్లు ఫాంటు లేదని. “నిన్నటిదాంక మంచిగనే ఉండె” అంటే రాత్రి విండోస్ అప్‌డేట్ అయిందేమో, కొత్త ప్రింటర్ పెట్టారేమో అడగాలి. తప్పు ఎక్కడుందో ప్రోగ్రామే తేట తెలుగులో చెబితే ఆ ఫోన్లలో సగం రావు.

సంతకం ఖర్చు చిన్నవాళ్లకు మోయలేని భారం. డిజిటల్ సంతకం లేని ఇన్‌స్టాలర్‌ను విండోస్ అనుమానంగా చూసి హెచ్చరిక చూపిస్తుంది. 2023 జూన్ నుంచి ఆ సంతకపు రహస్య కీని ప్రత్యేక హార్డ్‌వేర్‌లోనే దాచాలన్న నియమం వచ్చింది. పెద్ద కంపెనీకి అది లెక్కలోకి రాదు, ఒంటరిగా పనిచేసేవారికి ఏటా తగిలే దెబ్బ.

ప్రోగ్రామ్‌ను పరీక్షించడానికి వాడే మాటలను మాత్రం తెలుగు తెలిసినవారే ఎంచాలి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి, ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. ప్రతి కొత్త వెర్షన్‌నూ స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, కార్త్స్న్యం వంటి మాటలతో తెర మీదా, ప్రింటులోనూ, పీడీఎఫ్‌లోనూ చూసి గానీ బయటికి ఇవ్వకూడదు.

చివరిది, పని మానుకునే రోజు. కొత్త ఉద్యోగమో అనారోగ్యమో వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోవచ్చు. అప్పటికి కీ అవసరం లేని ఆఖరి వెర్షన్ ఒకటి విడుదల చేయాలి, ఫైలు లోపల ఏది ఎక్కడుందో వివరించే కాగితం ఒకటి దానితోపాటు ఇవ్వాలి. ఆ కాగితం ఉంటే మరొకరు మార్పిడి ప్రోగ్రామ్ రాసుకోగలరు.