చిత్రము గోడకెక్కు వేళ

భిలాయిలోని తెలుగువారి యిండ్లలో, ట్రంకుపెట్టెల యడుగున పట్టుచీరల మడతల నడుమ దాగియున్న పాత ఛాయాచిత్రములను వెలికిదీసి, సివిక్ సెంటరులోని నెహ్రూ ఆర్టు గ్యాలరీ వంటి చోట నలుగురి కన్నుల యెదుట నిలుపవలెనన్న కోరిక నాకు చిరకాలముగా నున్నది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాజేంద్రప్రసాదుగారు ఇచ్చటి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన కాలము మొదలుకొని, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతముల పల్లెలు విడిచి, ఉక్కు కర్మాగారమున పనికి కుదిరి, సెక్టర్ల క్వార్టర్లలో కాపురములు పెట్టిన మనవారి చరిత్రలో అధికభాగము గ్రంథస్థము కాక, ఆ పెట్టెలలోనే యున్నది.

ప్రదర్శన యనగానే అందరును మొదట అడుగునది, బొమ్మను ఎంత పెద్దది చేయవచ్చునని. చూచువాడు ఎంత దూరమున నిలుచునో ముందుగా తేల్చుకొనిన గాని ఆ ప్రశ్నకు సమాధానము దొరకదు. చేతిలో పట్టుకొని చూచునంత దగ్గరనుండి చూడదగిన చిత్రమునకు అంగుళమునకు 300 చుక్కలుండవలెను. ఏడెనిమిది అడుగుల యెడమున నిలిచి చూచుదానికి 150 అయినను, అంతకు తక్కువయైనను చాలును. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నెగటివు చేతనుండి, దానిని అంగుళమునకు 4,000 చుక్కల చొప్పున స్కాను చేయించినచో, మొదటి లెక్కకు 19 అంగుళముల వెడల్పును, రెండవ లెక్కకు 38 అంగుళముల వెడల్పును వచ్చును. నెగటివు పోయి పోస్టుకార్డంత ప్రతి మాత్రమే మిగిలినప్పుడు, దానిని రెండింతలకు మించి పెంచుటవలన మసక పెరుగునే గాని ముఖకవళికలు పెరుగవు. హైదరాబాదున నిజాము కొలువులో ప్రసిద్ధికెక్కిన ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళుగారి కాలమున ఎంత గాజుపలకయో అంత చిత్రము. పెద్ద బొమ్మ కావలసినవారు పెద్ద పలకనే మోయవలసివచ్చెడిది. ఆ శ్రమ తొలగినది గాని, ఉన్నంతలోనే పెంచవలెనన్న నియమము తొలగలేదు.

ఇట్టి సేకరణలో రెండు జాతుల చిత్రములు కనబడును. కొలిమి ముందు శిరస్త్రాణములు ధరించి వరుసగా నిలిచిన కార్మికుల చిత్రము మొదటిది. దానిని ఆరడుగుల వెడల్పున ముద్రించి, పదడుగుల దూరమునుండి చూడనిచ్చినప్పుడే ఆ యంత్రముల యెదుట మనిషి యెంత చిన్నవాడో తెలియును. క్వార్టరు గుమ్మములో చంకన బిడ్డతో నిలిచిన యిల్లాలి బొమ్మ రెండవది: వెనుక గోడమీద తలుపు నంబరు, గడపకు పసుపు, ప్రక్కన గోడకానించిన సైకిలు. దీనిని గోడంత చేసితిమా, ఆ పసుపును గాని, ఆమె కన్నులలోని బెరకును గాని చూడలేము. దగ్గరకు వచ్చి వంగి చూడవలసిన చిత్రమును పెద్దది చేయుట దానికి గౌరవము కాదని నా నిశ్చితాభిప్రాయము.

ఇక దేనిమీద ముద్రింపవలెనన్నది. పండుగకును, పుట్టినరోజునకును, సంతాపమునకును ఫ్లెక్సు కట్టుట మనకు అలవాటైపోయినది. కూడలిలో, వానలో, దూరమునుండి చూచుటకు అది తగును. గ్యాలరీ దీపముల క్రింద దాని మెరుపు ముఖములను మింగివేయును. సన్‌బోర్డను ఫోము పలకకు అంటించిన ముద్రణము చౌక, తేలిక. నాలుగు దినముల ప్రదర్శనకు చాలును గాని, 45 డిగ్రీలకెక్కు ఇచ్చటి వేసవిలో అంచులు వంగుటకు వెరవవలెను. ఏండ్లు నిలువవలసిన వానిని మెరుపులేని నూలు కాగితముమీద పిగ్మెంటు సిరాతో ముద్రింపించుటయే మేలు. చట్రమునకు అద్దము బిగించినచో దీపముల మెరుపు దానిలో కనబడకుండ వానిని పైనుండి ఏటవాలుగా అమర్చవలెను. చిత్రమధ్యము నేలకు సుమారు ఐదడుగుల యెత్తున నుండవలెను. చిత్రముల క్రింది వ్రాత తెలుగునను హిందీలోను పెద్ద యక్షరములతో నుండవలెను. ఏలయన ఇచ్చట పుట్టిపెరిగిన మన పిల్లలలో తెలుగు మాటలాడుచును చదువలేనివారు పెక్కుమంది.

ఖర్చు తగ్గింపవలసివచ్చినచో చిత్రముల సంఖ్యను తగ్గింపుడు గాని కాగితమును తగ్గింపకుడు. ప్రదర్శన ఎప్పుడు జరిగినను సరే, భిలాయి తెలుగు కుటుంబములవారికి నా విన్నపము: అసలు ప్రతులకు లామినేషను చేయింపకుడు, ఆల్బము పుటలకు అంటుకొనియున్న వానిని బలవంతముగా ఊడదీయక, పుటతోసహా స్కాను చేయింపుడు, ఇంటిలోని పెద్దలు గుర్తుపట్టగలిగియుండగనే, ప్రతి చిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, స్వగ్రామము, సెక్టరు, సంవత్సరము వ్రాసియుంచుడు.