కంపైలయింది, కానీ మాట కుదర్లేదు

పోయిన నెల ఒక శనివారం రాత్రి రెండింటికి ఫోన్ మోగింది. ఆ వారం ఆన్ కాల్ డ్యూటీ నాదే. ఆర్డర్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎర్రర్ లేదు, ఎక్సెప్షన్ లేదు, సీపీయూ ప్రశాంతంగా నిద్రపోతోంది. నేను తప్ప అందరూ నిద్రపోతున్నారన్నమాట.

లాగ్స్ తవ్వితే తేలిందేంటంటే, మా సర్వీసు ధర, స్టాకు రెండూ ఒకే మెసేజ్‌లో పంపేసి జవాబు కోసం కూర్చుంది. అవతలి సర్వీసేమో ధర వచ్చింది కదా, స్టాకు సంగతి ఇంకో మెసేజ్‌లో వస్తుందని కూర్చుంది. అచ్చం లక్నో నవాబుల 'పహలే ఆప్' జోకు! టైమౌట్ పెట్టలేదా అంటారేమో. పెట్టాం, ముప్ఫై నిమిషాలు. అంత ఎవరు పెట్టారో మాత్రం అడక్కండి.

సోమవారం కాల్‌లో నేను తడుముకోకుండా "అవతలి టీమ్‌లో కొత్తగా చేరినమ్మాయి కోడ్ అది, డాక్యుమెంట్ సరిగ్గా చదివినట్టు లేదు" అనేశాను. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. బుధవారం ఆ డాక్యుమెంట్ తెరిచి చూశాను. "ధర, స్టాకు వివరాలు పంపబడతాయి" అని ఉంది. ఒక మెసేజా, రెండా? ఎలాగైనా చదువుకోవచ్చు. ఆ వాక్యం రాసింది రెండేళ్ళ క్రితం నేనే.

నాకు ఒళ్ళు మండింది మాత్రం కంపైలర్ మీద. ఇంట్ ఇవ్వాల్సిన చోట స్ట్రింగ్ ఇస్తే ఇల్లు పీకి పందిరేసే జావా, ఇక్కడ నోరు మెదపలేదు. దాని తప్పూ లేదు లెండి. ఏ మెసేజ్‌కి ఆ మెసేజ్ టైపు సరిగ్గానే ఉంది. ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలన్నది ఏ టైపులోనూ లేదు.

అది కూడా టైపులోనే ఉండాలని 1993లోనే కొహేయ్ హోండా ఒక పేపర్ రాశాడు. తర్వాత వాటికి సెషన్ టైప్స్ అని పేరు స్థిరపడింది. ఒక చానెల్ టైపు అంటే 'దీంట్లో ఇంటీజర్లు పోతాయి' అని కాదు, 'ముందు ధర పంపాలి, తర్వాత సరే గానీ వద్దు గానీ అందుకోవాలి, సరే అయితే చిరునామా అందుకోవాలి' అనే మొత్తం సంభాషణ. అవతలి కొసకి దీని అద్దంలో బొమ్మ ఉండాలి: ఇక్కడ పంపితే అక్కడ అందుకోవాలి. 2006లో దీన్ని ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషల్లోకి తెస్తూ మూస్ అనే చిన్న నమూనా భాష వచ్చింది. 2008లో జావాకే సెషన్లు కలిపి ఎస్‌జే అని చేశారు. అందులో రెండు ప్రోగ్రాములూ విడివిడిగా కంపైల్ అయినా, సెషన్ మొదలయ్యేటప్పుడు రెండు వైపులా ప్రోటోకాల్ కుదిరిందో లేదో చూసుకుంటాయి. అది మా దగ్గరుంటే, ఆ వెర్షన్ పెట్టిన నిమిషంలోనే గొడవ బయటపడేది.

మరి ఇన్నేళ్ళయినా మన చేతికెందుకు రాలేదు? నాకర్థమైనంతలో పేచీ అంతా ఆబ్జెక్టులతోనే. మా తాతగారు నంద్యాల లైన్లో స్టేషన్ మాస్టారుగా చేశారు. సింగిల్ లైన్ మీద డ్రైవర్ చేతికి టోకెన్ బంతి అందితేనే బండి కదిలేది. ఒక సెక్షన్‌కి ఒక్క సమయంలో బయట ఉండేది ఒక్క బంతి. చానెల్ కూడా అలాగే ఉండాలి. కానీ జావాలో ఒకే ఆబ్జెక్టుని నాలుగు వేరియబుల్స్ పట్టుకోవచ్చు. ఒకరు సంభాషణని ఒక అడుగు ముందుకి జరిపితే, మిగతా ముగ్గురికీ తెలియదు. అంటే ఒకే సెక్షన్‌కి నాలుగు బంతులు! అందుకే ఎస్‌జేలో చానెల్‌కి రెండో పేరు పెట్టుకోనివ్వరు. రస్ట్‌లో ఒకసారి చేతులు మారిన విలువని పాత పేరుతో మళ్ళీ ముట్టుకోలేం కాబట్టి అక్కడ ఇది కాస్త సులువు. అయినా సంభాషణ మధ్యలో చానెల్ వదిలేసి వెళ్ళిపోతే రస్ట్ కూడా ఊరుకుంటుంది.

మా మేనేజర్‌కి ఇదంతా చెప్తే "బావుంది, కానీ స్ప్రింట్‌లో ఎక్కడ పెడదాం?" అన్నాడు. చివరికి నేను చేసింది చిన్న పనే. ప్రతి అడుగుకీ ఒక క్లాస్. ధర పంపే మెథడ్ 'జవాబు కోసం ఆగిన ఆర్డర్' అనే వేరే ఆబ్జెక్ట్ ఇస్తుంది, దాని మీద స్టాకు పంపే మెథడే ఉండదు. పాత ఆబ్జెక్టుని మళ్ళీ వాడితే జావా ఆపలేదు, అక్కడ రన్‌టైమ్‌లో ఎక్సెప్షన్ విసురుతున్నాను. సగం మందే, ఒప్పుకుంటాను.

దానికన్నా కష్టమైంది మెయిల్. సోమవారం కాల్‌లో ఉన్న అందరికీ, తప్పు ఆ అమ్మాయిది కాదు, నా వాక్యానిది అని రాశాను. మూడుసార్లు డ్రాఫ్ట్‌లో పెట్టి పంపాను. కాసేపటికి ఆ అమ్మాయి నుంచి చాట్‌లో ఒక్క లైను వచ్చింది:

"థాంక్స్ అన్నా. ఇంతకీ ఒక మెసేజా, రెండా?"