పెరటికి వచ్చు పక్షులు

ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములు వానకు మొగము వాచిన సీమలు. ఇట్టిచోట పెరటితోట యేమి, పక్షులేమి యని సోదరీమణులు నవ్వవచ్చును. కాని నీరు కరవైన చోటనే పక్షి మన వాకిటికి వచ్చును. మేము చూచినంతలో పక్షులను పిలుచుటకు గింజలకంటె నీళ్లే మేలు.

వెడల్పైన మంటిమూకుడును వేపచెట్టు నీడ నుంచి, రెండంగుళములకు మించకుండ నీరు పోసిన చాలును. లోతెక్కువైన చిన్నపిట్టలు దిగుటకు జంకును. దినమున కొకమారు కడిగి నీరు మార్చవలెను. లేకున్న దోమలు పెరుగును. పిల్లి పొంచుటకు వీలగు పొదల ప్రక్కన పెట్టరాదు. వైశాఖమున ముందుగా గోరువంకలు వచ్చి, తమలో తాము పోట్లాడుకొనుచు స్నానమాడును. అవి తొలగిన పిదప తోకక్రింద ఎఱ్ఱమచ్చగల పిగిలిపిట్టలు దిగును. పిచ్చుకలు దుమ్ములోను స్నానము చేయును గనుక, పెరడంతయు గచ్చు చేయింపక కొంత మట్టినేల విడువవలెను.

నిమ్మయో, మందారమో యున్న ఆకులు కుట్టెడి పిట్ట చేరును. పిడికిట నిముడునంత పిట్ట. ముక్కుతో ఆకు అంచులకు రంధ్రములు చేసి, సాలెపట్టుతోను దూదిపోగులతోను కుట్టి, ఆ సంచిలో గూడు పఱచుకొనును. ఆదవాని ప్రత్తిబేరమునకు పేరుపడిన యూరు. బండ్లనుండి రాలిన దూది కంచెలకు తగులుకొని యుండును. ఈ పిట్టకు దారమునకు కొదువ లేదు.

ఎమ్మిగనూరు నేతగాండ్ర యూరు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘమువలన అచ్చటి బట్టకు పేరు వచ్చినది. పక్షులలో నేతగాడు గిజిగాడు. వానకాలమున ముండ్లతుమ్మలపై వ్రేలాడు గూడు నేయువాడు మగపక్షియే. సగము నేసినంతనే ఆడుపక్షి వచ్చి లోపల దిగి చూచును. నచ్చినచో కాపురమున కొప్పుకొనును. నచ్చదా, ఆతడు మఱియొకటి మొదలుపెట్టవలసినదే. (కట్టిన యిల్లు నచ్చలేదని చెప్పు భాగ్యము మనలో ఎందఱికి కలదు?)

పిచ్చుకల సంగతి విచారకరము. పాత మట్టిమిద్దెల దూలముల సందులలో, పటముల వెనుక, అవి అడుగకయే కాపురముండెడివి. కాంక్రీటు మిద్దెలలో సందు లేదు. అంగుళమున్నర రంధ్రముగల చెక్కపెట్టెను ఎండ తగులని గోడకు, చూరు క్రింద, కట్టవచ్చును. జొన్నకంకుల కుచ్చు వ్రేలాడగట్టుటయు మంచిదే. కాని కన్ను తెఱవని పిల్లలు గింజలు తినజాలవు. తల్లిదండ్రులు పురుగులనే తెచ్చి పెట్టును. మందు చల్లిన పెరటిలో పెద్దలకు కంకులున్నను పిల్లలకు ఆకలియే. అందుచేత మేము వంగమడిలో పురుగులను చేతితోనే ఏరుచున్నాము. కొన్ని కాయలు పుచ్చును, పుచ్చనిండు.

చిలుకను పంజరమున నుంచి పలుకులు నేర్పుట ముచ్చటయని తలంచువారు ఇంకను కలరు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి అది నేరము. సంతలో కొని విడిచిపెట్టుటయు పుణ్యము కాదు, కొనువారుండుటచేతనే పట్టువారుందురు. జామచెట్టున రెండు కొమ్మల కాయలు కోయక విడిచిన, చిలుక తనంత తానే వచ్చును. కాయను సగము కొఱికి, సగము క్రింద పారవేయును. ఆ సగమును సాయంకాలమునకు ఉడుతలు ముగించును.