ఆ సెప్టెంబర్ కొత్త సీరియళ్ళు

మనకు సంక్రాంతికి సినిమాలు ఎలాగో, అమెరికా వాళ్ళకు సెప్టెంబర్‌లో టీవీ సీరియళ్ళు అలాగ. వేసవంతా పాత ఎపిసోడ్లే తిప్పి తిప్పి వేస్తారు. బడులు తెరిచి, ఎండలు తగ్గి, జనం సాయంత్రాలు ఇంటిపట్టున ఉండే వేళకు ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ కొత్త సరుకంతా ఒక్కసారి దించుతాయి. దాన్నే ఫాల్ సీజన్ అంటారు. సెప్టెంబర్‌లో మొదలైంది నిలబడితే మే నెల దాకా, వారానికొకటి చొప్పున ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు వస్తుంది. నిలబడకపోతే దీపావళి లోపే మాయం. నేను చూసిన ఫాల్ సీజన్లన్నిట్లోనూ 2004కు సాటి వచ్చేది ఇంకోటి లేదు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను, ఎంతసేపైనా వాదిస్తాను.

అప్పుడు మేం న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరోలో ఉండేవాళ్ళం. మా ఆయన పొద్దున్నే ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలెక్కి న్యూయార్క్ వెళ్ళి, చీకటిపడ్డాక వచ్చేవారు. హెచ్-4 వీసా మీద వెళ్ళిన భార్యలకు ఆ రోజుల్లో ఉద్యోగం చేసే వీల్లేదు. కారు నడపడం ఇంకా రాదు. పగలంతా లైబ్రరీ పుస్తకాలు, రాత్రి టీవీ. మా పై అంతస్తులో కరీంనగర్ నుంచి వచ్చిన అక్క ఉండేది. ఆమెదీ అదే వీసా, అదే ఖాళీ. పక్క వాటాలో రిటైరైన బడి పంతులమ్మ, డెబ్బై దాటిన అమెరికన్ పెద్దావిడ, ఒక్కరే ఉండేవారు. ఆవిడే నాకు ఫాల్ సీజన్ సంగతి చెప్పి, కిరాణా కొట్లో బిల్లు కట్టేచోట పెట్టే టీవీ గైడ్ ఫాల్ ప్రివ్యూ సంచిక కొనిపించారు. అరచేతిలో పట్టేంత చిన్న పుస్తకం, మామూలు వారాల కంటే లావుగా ఉండేది. ఆవిడ చిన్నప్పుడు కొత్త కార్ల మోడళ్ళు కూడా ఈ రోజుల్లోనే బయటికి వచ్చేవట. కార్ల కంపెనీలు యాడ్లకు డబ్బు దండిగా పోసేవి, కొత్త కార్యక్రమాలకు జనం కావాలి, రెండూ అలా కలిసొచ్చాయని ఆవిడ చెప్పేవారు. ఆ పుస్తకం ముందు పెట్టుకుని నేనూ అక్కా పెన్నుతో గీతలు గీశాం. చూడాల్సినవి ఇవి, రెండు వారాలు చూసి తేల్చాల్సినవి ఇవి, పేరు చూస్తేనే వద్దనిపించేవి ఇవి.

ఆ రెండు వారాల నియమం నాకు చాలా ముఖ్యం. మొదటి ఎపిసోడ్‌కు డబ్బంతా కుమ్మరిస్తారు కాబట్టి అది బాగానే ఉంటుంది. అసలు సంగతి రెండోదాంట్లో తెలుస్తుంది. రెండోది అయిపోయాక మూడోదాని కోసం వారం ఆగాలంటే మనసు కొట్టుకుపోతోందా లేదా? కొట్టుకుపోతే అది మంచి సీరియల్.

సెప్టెంబర్ 22, బుధవారం రాత్రి ఎనిమిదింటికి న్యూయార్క్ ఏబీసీ, అంటే ఏడో నంబరు ఛానెల్‌లో లాస్ట్ మొదలైంది. ఒక కన్ను తెరుచుకుంటుంది. సూటు వేసుకున్న మనిషి వెదురుపొదల మధ్య వెల్లకిలా పడి ఉంటాడు. పొదల్లోంచి ఒక కుక్క వచ్చి చూసి వెళ్తుంది. చెట్టుకు ఒక తెల్ల బూటు వేలాడుతూ ఉంటుంది. అతను లేచి పరుగెత్తి ఒడ్డుకొస్తే నీలిసముద్రం, తెల్లటి ఇసుక, ఎంత ప్రశాంతమో. కెమెరా కాస్త పక్కకు తిరగ్గానే విరిగిన విమానం, కేకలు, ఇంకా గిర్రున తిరుగుతున్న ఇంజిన్. ఆ ఇంజిన్ ఒక మనిషిని లోపలికి లాగేసుకున్నప్పుడు అక్క నా మోచెయ్యి పట్టుకున్న పట్టు ఇప్పటికీ గుర్తే. సిడ్నీ నుంచి లాస్ ఏంజిలెస్ వెళ్ళే విమానం అది. దాన్లో బతికి బయటపడ్డ నలభై ఎనిమిది మందీ ఎవరెవరు, వాళ్ళ వెనకటి కథలేంటి, ఆ దీవిలో ఏముంది, ఇదీ కథ. తీసింది హవాయిలో. దర్శకుడు జె.జె. అబ్రామ్స్. టీవీలో అంతకు ముందు అలాంటి మొదటి పది నిమిషాలు నేను చూడలేదు, తర్వాతా చూడలేదు. ఈ సీరియల్ తీయించిన ఏబీసీ పెద్ద లాయిడ్ బ్రాన్ ఉద్యోగం అది టీవీలో రాకముందే పోయింది. ప్రతివారం మొదట్లో వెనకటి కథ గుర్తు చేసే ఆ గొంతు మాత్రం ఆయనదే. నమ్మి ముందుకు తోసిన మనిషి గొంతైనా అందులో ఉండటం న్యాయమే అనిపిస్తుంది నాకు.

రెండో వారం అడవిలోంచి ధ్రువపు ఎలుగుబంటి వచ్చింది. అక్క సోఫాలోంచి లేచి నిలబడింది. "గా చల్లటి దేశం ఎలుగుబంటి ఈ ఎండల దీవిల ఏం జేస్తుందే చెల్లె? దీనికి మంచిగ జవాబు చెప్పకుంటె నేనైతె ఊకోను!" జవాబు రావడానికి ఏళ్ళు పట్టింది. ఈలోపు అక్క దగ్గర ఎన్ని సిద్ధాంతాలో! విమానంలోనే జంతువుల్ని తెచ్చారని ఒక వారం, అదంతా చచ్చినవాళ్ళ లోకమని ఇంకో వారం. గురువారం పొద్దున బట్టలు ఉతికే గదిలో మేం మాట్లాడుకుంటుంటే పక్కావిడ కూడా బుట్ట పట్టుకుని వచ్చి నిలబడేవారు. ముగ్గురివీ మూడు రకాల ఇంగ్లీషులు. అయినా ఆ ఎలుగుబంటి మాట దగ్గర ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ సీరియల్‌లో నా మనసుకు దగ్గరైనవాళ్ళు ఇద్దరు. ఒకడు సయీద్. ఇరాక్ సైన్యంలో పనిచేసినవాడి పాత్ర. వేసింది నవీన్ ఆండ్రూస్, లండన్‌లో పుట్టిన మలయాళీల బిడ్డ. ఇరాక్‌లో యుద్ధం జరుగుతున్న రోజులవి. టీవీ పెడితే వార్తల నిండా బాగ్దాదే. అలాంటప్పుడు ఒక ఇరాకీ సైనికుణ్ణి తెలివైనవాడుగా, నెమ్మదస్తుడుగా, నమ్మదగ్గవాడుగా అమెరికా ఇళ్ళ మధ్యలోకి తెచ్చి కూర్చోబెట్టడం చిన్న ధైర్యం కాదు. రెండో మనిషి సన్. కొరియా అమ్మాయి. భర్త జిన్ చెప్పినట్టే వింటూ, చొక్కా పైగుండీ కూడా అతను పెట్టుకోమంటే పెట్టుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటుంది. వాళ్ళిద్దరూ కొరియన్‌లోనే మాట్లాడుకుంటారు, కింద అక్షరాలు పడతాయి.

అక్టోబర్ 27 నాటి ఎపిసోడ్ సన్‌ది. ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన హడావిడి అంతా ఇంతా కాదు. ఆ రోజు సంపూర్ణ చంద్రగ్రహణం. తొమ్మిది దాటాక పట్టు. అక్క గ్రహణానికి ముందే అన్నాలు అయిపోవాలని పులిహోర కలుపుకుని ఏడింటికే దిగింది. ఇంకోవైపు మా ఆయనకు ఆ రాత్రి బేస్‌బాల్ వరల్డ్ సిరీస్. క్రికెట్ లేని లోటు ఆఫీసువాళ్ళు బేస్‌బాల్‌తో తీర్చేశారు ఆయనకు. బోస్టన్ రెడ్ సాక్స్ ఆ రాత్రి గెలిస్తే 1918 తర్వాత మొదటిసారి, అంటే 86 ఏళ్ళ తర్వాత. మ్యాచ్ ఫాక్స్‌లో ఎనిమిదిన్నర లోపే మొదలు. లాస్ట్ ఎనిమిది నుంచి తొమ్మిది. ఉన్నది ఒక్క టీవీ. "ఏమండీ, తొమ్మిదింటికల్లా రిమోట్ మీ చేతిలో పెడతాను" అన్నాను. "సరే, మ్యాచ్ మొదట్లో ఏం జరుగుతుందిలే" అన్నారు పాపం. జరిగింది. ఆట మొదలవుతూనే జానీ డేమన్ హోమ్ రన్ కొట్టాడు, ఆయన చూడలేదు.

ఆ సమయానికి మేం ఏం చూస్తున్నామంటే, జిన్ తోటి ప్రయాణికుడు మైఖేల్ మీద పడి కొట్టాడు. చేతి గడియారం గొడవ. అందరూ జిన్‌ను పట్టుకుని కట్టేశారు. అతను ఎందుకు కొట్టాడో చెప్పే నోరు ఒక్కటీ లేదు. అప్పుడు సన్ చెట్ల మధ్యకు వెళ్ళి మైఖేల్‌తో విషయం చెప్పింది. ఇంగ్లీషులో! అన్ని వారాలూ తనకు రాదనుకున్న ఇంగ్లీషులో, చక్కగా, తడబడకుండా. భర్తకు కూడా తెలియకుండా నేర్చుకుంది. నేనూ అక్కా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. పరాయి చోట నోరు విప్పని ఆడవాళ్ళ లోపల ఏముందో ఎవరికి తెలుసు? ఆ సంవత్సరం టీవీ మొత్తం మీద నాకు ఒక్క సన్నివేశం ఉంచుకోమంటే అదే ఉంచుకుంటాను.

తొమ్మిదింటికి రిమోట్ ఆయన చేతిలో పెట్టేశాం. గ్రహణం చూడటానికి అక్క బయటికి రానంది. రావాల్సిన పని కూడా లేకపోయింది. ఫాక్స్ వాళ్ళే ఆట మధ్యలో ఎర్రబడ్డ చంద్రుణ్ణి చూపించారు. రెడ్ సాక్స్ 3-0తో గెలిచారు.

ఆదివారాలు డెస్పరేట్ హౌస్‌వైవ్స్‌వి. అక్టోబర్ 3న మొదలైంది, అదీ ఏబీసీలోనే. విస్టీరియా లేన్ అనే ముచ్చటైన వీధి, తెల్ల కంచెలు, పూలమొక్కలు. మొదటి నిమిషాల్లోనే మేరీ ఆలిస్ అనే ఆవిడ ఇంటిపనంతా చక్కబెట్టుకుని తుపాకీతో కాల్చుకుని చనిపోతుంది. ఇక ఆవిడ గొంతే మనకు వీధి కథంతా చెబుతుంది. మార్క్ చెర్రీ రాసిన ఈ కథను కొందరు రంకు కథ అని తీసిపారేశారు. నేను ఒప్పుకోను. లినెట్ పాత్ర చూడండి. పెద్ద ఉద్యోగం మానేసి నలుగురు పిల్లల్ని పెంచుతూ ఉంటుంది. సూపర్ మార్కెట్‌లో పాత ఆఫీసు మనిషి ఎదురై, ఇంట్లో ఉండటం హాయిగా ఉందా అని అడుగుతుంది. చుట్టూ పిల్లలు కొంప కూలుస్తుంటే, లినెట్ ఒక్క క్షణం ఆగి, అందరూ వినాలనుకునే జవాబే చెబుతుంది. ఆ ఒక్క క్షణంలో ఫెలిసిటీ హఫ్‌మన్ మొహం చూసి తీరాలి. మరుసటి ఏడాది ఆవిడకు ఎమ్మీ వచ్చింది. లాస్ట్‌కు ఉత్తమ డ్రామా ఎమ్మీ వచ్చిందీ ఆ రాత్రే.

శని, ఆదివారాల్లో కాలింగ్ కార్డు గీకి తెనాలికి ఫోన్ చేసేదాన్ని. అప్పట్లో జెమినీ టీవీలో మంజులా నాయుడు చక్రవాకం నడుస్తోంది. అమ్మ ఆ కథ చెప్పేది, నేను ఈ కథ చెప్పేదాన్ని. విడాకులడిగిన మొగుడి సలాడ్‌లో, ఉల్లిపాయ ఒంటికి పడదని తెలిసీ, విస్టీరియా లేన్‌లో ఉండే బ్రీ ఉల్లిపాయ వేసిందని చెబితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "అంత ఒద్దికైన పిల్లే! మరి ఆయన బతికాడా?" అంది. బతికాడని చెప్పాక గానీ ఫోన్ పెట్టనివ్వలేదు.

డెస్పరేట్ హౌస్‌వైవ్స్ వచ్చే అదే ఆదివారం, అదే తొమ్మిది గంటలకు డబ్ల్యూబీ ఛానెల్‌లో జాక్ అండ్ బాబీ వచ్చేది. ఇద్దరు అన్నదమ్ములు, ఒంటరి తల్లి. ఆ ఇద్దరిలో ఒకడు పెద్దయ్యాక అమెరికా అధ్యక్షుడవుతాడు. ఎవడన్నది మొదటి ఎపిసోడ్ చివర్లో తెలుస్తుంది. నిదానంగా, మర్యాదగా నడిచే మంచి కథ. తల్లిగా క్రిస్టీన్ లాటీ చాలా బాగా చేసింది. దాన్ని వీసీఆర్‌లో పెట్టి సోమవారం చూసేవాళ్ళం. అందరి దగ్గరా అంత ఓపిక ఉండదుగా, ఒక్క సీజన్‌తో పోయింది. విస్టీరియా లేన్ ఎదురుగా పెట్టకుండా ఉంటే బతికేదని నా నమ్మకం.

జోయి గురించి చెప్పకపోతే ఎలా? ఫ్రెండ్స్ ఆ మే నెల 6న ముగిసింది, అమెరికా అంతా కళ్ళు తుడుచుకుంది. అందులోంచి జోయి ఒక్కణ్ణి తీసుకుని లాస్ ఏంజిలెస్‌లో పెట్టి ఎన్‌బీసీ సెప్టెంబర్ 9న మొదలెట్టింది. మాట్ లెబ్లాంక్ మంచి నటుడు, నాకు ఇష్టం. కానీ జోయి వేసే వెర్రి ప్రశ్నకు స్నేహితుడు చాండ్లర్ పెట్టే మొహం ఏదీ? ఆ నవ్వు ఇద్దరిదీ. 2006తో అదీ ముగిసింది. సీఎస్‌ఐ మూడో ఊరు న్యూయార్క్ వెళ్ళింది, గ్యారీ సినీస్ కోసం చూడొచ్చు. ఎల్ఏఎక్స్, హవాయి, డాక్టర్ వేగాస్ అనే సీరియళ్ళు మా పుస్తకంలో గీతల దగ్గరే ఆగిపోయాయి.

ఫాక్స్‌కు అక్టోబరంతా బేస్‌బాల్ కాబట్టి దాని కొత్త సీరియల్ హౌస్ నవంబర్ 16, మంగళవారం దాకా రాలేదు. పేరు చూసి మామూలు ఆసుపత్రి కథ అనుకున్నవాళ్ళం, ఆసుపత్రి పేరు వినగానే ఇద్దరం నిటారుగా కూర్చున్నాం. ప్రిన్స్‌టన్-ప్లెయిన్స్‌బరో! మా ఊరు! మా ఊళ్ళో అప్పటికి అలాంటి ఆసుపత్రే లేదు. డాక్టర్ హౌస్ కుంటుతూ, చేతికర్రతో, రోగి మొహం చూడకుండానే జబ్బు కనిపెట్టే మొండిఘటం. వేసిన హ్యూ లారీ ఇంగ్లండ్ వాడు, అమెరికన్ యాసలో ఎక్కడా తేడా కనిపించనివ్వడు. మొదటి ఎపిసోడ్‌లో మాట పడిపోయిన టీచరమ్మ మెదడులో బద్దెపురుగు ఉందని, అది పంది మాంసం నుంచి వచ్చిందని తేలుస్తాడు. జబ్బు దొంగ, డాక్టరు డిటెక్టివ్. షెర్లాక్ హోమ్స్ నుంచి వచ్చిన పాత్ర అని తెలిశాక ఇంకా నచ్చింది. టైటిల్స్‌లో పైనుంచి చూపించే ఆసుపత్రి భవనం ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలోని ఫ్రిస్ట్ క్యాంపస్ సెంటర్, ఒకప్పటి ఫిజిక్స్ లాబొరేటరీ. ఒక శనివారం అక్కా నేనూ దాని ముందు నిలబడి ఫొటో దిగాం. లోపల పిల్లలు కాఫీ తాగుతూ చదువుకుంటున్నారు.

లాస్ట్ 2010లో ముగిసింది, డెస్పరేట్ హౌస్‌వైవ్స్ 2012లో. హౌస్ ఎనిమిది సీజన్లు నడిచి, చివరి ఎపిసోడ్ 2012 మే 21న వచ్చింది. ఆ మర్నాడే, మే 22న, ప్లెయిన్స్‌బరోలో నిజం ఆసుపత్రి తలుపులు తెరిచారు.